అమెరికాలో పాత తుపాకీ కొనేముందు అది దొంగ సొత్తు కాదని ఎలా తెలుసుకోవాలి?

స్థానిక పోలీసులకో షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) ఆఫీసుకో ఫోన్ చేసి, తుపాకీ వివరాలిచ్చి చూడమని అడగాలి, మనంతట మనం దేశం మొత్తం రికార్డు చూసే వీల్లేదు. పోయినట్టు కంప్లైంట్ వచ్చిన తుపాకుల జాబితా ఎఫ్‌బీఐ నడిపే ఎన్‌సీఐసీ డేటాబేస్‌లో ఉంటుంది, దాన్ని తెరిచి చూసే అధికారం మామూలు జనానికి లేదు. ఫ్లోరిడా తన రాష్ట్రం జాబితాను ఆన్‌లైన్‌లో అందరికీ పెట్టింది కానీ అది ఆ రాష్ట్రం వరకే.

ఒక్క సీరియల్ నంబర్ చెప్తే సరిపోదు, కంపెనీ, మోడల్, క్యాలిబర్ (గొట్టం లోపలి కొలత) కూడా చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ లూగర్ పిస్టల్‌నే తీసుకోండి: ఏటా నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేవి, పదివేలు దాటాక మళ్లీ ఒకటికి వచ్చి, నంబర్‌కు ఒక అక్షరం చేర్చేవాళ్లు. అందుకే ఒకే నంబర్ చాలా పిస్టళ్ల మీద కనిపిస్తుంది. ఫ్రేమ్ (మిగతా భాగాలన్నీ బిగించే పిస్టల్ చట్రం) ముందు భాగంలో నంబర్ కింద ఉండే ఆ చిన్న వంపు అక్షరాన్ని వదిలేస్తే వేరే పిస్టల్ రికార్డు తగలొచ్చు, లేదా అసలు రికార్డే దొరక్కపోవచ్చు.

చాలామంది పొరబడేది ఇక్కడే. డీలర్ దగ్గర జరిగే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో తుపాకీని కూడా చూసేస్తారనుకుంటారు, కానీ అందులో చూసేది కొనేవాడి చరిత్రే. ఇంకోటి, జాబితాలో లేదంటే దొంగిలించింది కాదని గ్యారంటీ లేదు, పోగొట్టుకున్నవాడు నంబర్ రాసిపెట్టుకోకపోతే అది అందులోకి ఎక్కదు. 1968కి ముందు తయారైన చాలా రైఫిళ్లకు, షాట్‌గన్లకు అసలు నంబరే ఉండదు, అలాంటప్పుడు అమ్మినవాళ్ల వివరాలతో రసీదు తప్పకుండా రాయించుకోండి.