షుగర్, బీపీ ఉన్న నాన్నగారిని ఆర్చెస్ పార్కులో నడిపించవచ్చా?

ప్రశ్న: మేం డెన్వర్‌లో ఉంటాం. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారికి 64 ఏళ్ళు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. మోకాళ్ళ నొప్పులున్నాయి. జూలైలో యూటాలోని ఆర్చెస్ నేషనల్ పార్కుకు వెళ్తున్నాం. అక్కడి డెలికేట్ ఆర్చ్ అనే రాతి తోరణం దాకా నడవగలరా? ‘గుంటూరు ఎండలు చూసినవాణ్ణి, ఇదో లెక్కా’ అంటున్నారు.

జవాబు: పార్కుకు తప్పకుండా తీసుకెళ్ళండి. డెలికేట్ ఆర్చ్ నడక మాత్రం జూలైలో ఆయనకు వద్దు. రానూపోనూ సుమారు 4.8 కిలోమీటర్లే అయినా చాలావరకు ఏటవాలు బండ మీద ఎక్కాలి. నీడ ఉండదు, దారిలో నీళ్ళు దొరకవు. మధ్యాహ్నం 38 డిగ్రీలు దాటడం అక్కడ మామూలే. గుంటూరులో చొక్కా తడిసిపోతుంది కాబట్టి ఎంత చెమట పోయిందో తెలుస్తుంది. ఆ పొడిగాలికి చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది.

నన్ను ఎక్కువగా కంగారుపెడుతున్నది ఆయన మందులు. బీపీ మాత్రలోని థయజైడ్ ఒంట్లోని ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపేస్తుంది. దానికి ఎండ తోడైతే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మోకాలి నొప్పికని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి కూడా వేసుకుంటే కిడ్నీలు దెబ్బతినవచ్చు. నొప్పికి పారాసెటమాల్ చాలు. బీపీ మాత్ర సొంతంగా ఆపొద్దు. ఆ రోజుల్లో మోతాదు మార్చాలా అని రెండు వారాల ముందే ఆయన డాక్టర్ని అడగండి. గ్లిమిపిరైడ్ గురించీ అడగాలి, నడకతో షుగర్ పడిపోవచ్చు.

డెలికేట్ ఆర్చ్‌ను దూరం నుంచి చూపించే కింది వ్యూపాయింట్ పార్కింగ్‌కు వంద గజాలే, దారి చదునుగా ఉంటుంది. బ్యాలెన్స్‌డ్ రాక్, డబుల్ ఆర్చ్ కూడా చిన్న నడకలే. పొద్దున్నే మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా ముగించండి. విజిటర్ సెంటర్ దగ్గరే నీళ్ళు నింపుకోండి, రోజు మొత్తానికి మనిషికి నాలుగు లీటర్లు. నడిచేటప్పుడు పావుగంట, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు తాగాలి. థయజైడ్ వాడేవాళ్ళు ఉత్త నీళ్ళే ఎక్కువగా తాగితే రక్తంలో సోడియం తగ్గిపోతుంది. అందుకే ఉప్పు వేసిన వేరుశనగలో, మరేదైనా తిండో మధ్యమధ్యలో పెట్టండి. లీటరు నీళ్ళలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి దగ్గర ఉంచుకోండి. షుగర్ ఉన్నా ఫర్వాలేదు, అందులో గ్లూకోజ్ 13.5 గ్రాములే.

తల తిరిగినా, కాళ్ళు వణికినా ముందు నీడలో కూర్చోబెట్టి షుగర్ చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ ఇచ్చి, పావుగంటకు మళ్ళీ చూడండి. గ్లూకోమీటరూ స్ట్రిప్పులూ కారులో వదలొద్దు, వేడికి రీడింగ్ తప్పుతుంది. షుగర్ సరిగానే ఉండి మాట తడబడినా, ఎక్కడున్నామో తెలియకపోయినా అది వడదెబ్బ కావచ్చు. 911కు చేయండి. నోట్లో ఏమీ పోయకుండా బట్టలు తడిపి విసరండి. పార్కులో చాలాచోట్ల సిగ్నల్ అందదు, కాబట్టి ఎప్పుడూ ఇద్దరు తోడుండాలి.

చెప్పులతో నడవనివ్వకండి. షూలో దూరిన ఇసుక రాసుకుని పుండు పడినా షుగర్ పేషెంట్లకు నొప్పి తెలియకపోవచ్చు. రాత్రి గదికి రాగానే వేళ్ళ సందులతో సహా పాదాలు మీరే చూడండి.