చేలో బుడగ, అంగారకుడి మీద మీథేన్

ప్రశ్న: దాళ్వా చేలో నీరు నిలగట్టి నెల దాటాక బురదలో కాలు పెడితే బుడగలు లేస్తాయి. అది మీథేన్ అనీ, సూక్ష్మజీవులు చేస్తాయనీ చదివాను. అంగారకుడి మీదా మీథేన్ దొరికిందట. అంటే అక్కడ జీవం ఉన్నట్టేనా? – ఒక రైతు, రాజోలు

జవాబు: బుడగల సంగతి నిజమేనండి. నీరు నిలిచిన మడిలో ముందు ఆక్సిజన్ అయిపోతుంది. తర్వాత దాని బదులు సూక్ష్మజీవులు వాడుకునే నైట్రేట్, ఇనుము, సల్ఫేట్ వరసగా ఖర్చవుతాయి. ఆ పైనే మీథేన్ చేసే జీవుల వంతు. అందుకే నాట్లు వేసిన వారానికి కనబడని బుడగలు నెలకి కనబడతాయి. అసలు బుడగల్లో పోయేది కొంతే. ఎక్కువ భాగం వరి కాడలోని గాలి గొట్టాల గుండా చడీచప్పుడు లేకుండా పోతుంది. మధ్యలో చేను ఆరగడితే ఆక్సిజన్ దిగి ఈ జీవుల పని ఆగిపోతుంది. అంతర్వేది వైపు ఉప్పునీటి రొయ్యల చెరువుల దారి వేరు. సముద్రపు నీటిలో సల్ఫేట్ దండిగా ఉంటుంది కనక, దాన్ని వాడుకునే జీవులే మీథేన్ జీవులకి కావలసిన హైడ్రోజన్‌ని ముందు లాగేసుకుంటాయి. అడుగు నల్లబడి కుళ్లిన గుడ్డు కంపు కొట్టేది అందుకే.

ఇక అసలు చిక్కు. మీ కోనసీమలోనే బావుల్లోంచి గొట్టాల్లో పోయే గ్యాసు కూడా ప్రధానంగా మీథేనే. అది ఎప్పుడో పూడుకుపోయిన సేంద్రియ పదార్థం భూమి లోతుల్లో వేడికి మారగా పుట్టింది. అణువు ఒకటే, పుట్టుక వేరు. తేడా తెలియాలంటే రెండు చూడాలి: వెంట ఈథేన్ (మీథేన్‌కి దగ్గరి చుట్టమైన వాయువు) ఉందా, కార్బన్-13 (కార్బన్‌లో కాస్త బరువైన రకం) ఎంత ఉంది. చేలో పుట్టినదానిలో ఈథేన్ దాదాపు ఉండదు, కార్బన్-13 కూడా తక్కువ. జీవంతో పనే లేని మూడో దారి ఒకటుంది: ఆలివిన్ అనే ఖనిజం వేడినీటితో కలిస్తే హైడ్రోజన్ పుడుతుంది, అది కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి మీథేన్ కాగలదు. అంగారకుడి మీద ఆలివిన్‌కి కొదవ లేదు.

2019 జూన్‌లో అంగారకుడి నేల మీద తిరిగే నాసా బండి క్యూరియాసిటీ రోవర్ అక్కడి గేల్ బిలంలో నూరు కోట్ల అణువులకు 21 చొప్పున మీథేన్ చూసింది. పైన తిరుగుతున్న యూరప్ వాళ్ల ట్రేస్ గ్యాస్ ఆర్బిటర్‌కి మాత్రం, రెండు వేల కోట్లలో ఒక అణువున్నా పట్టగల పరికరాలు ఉండీ, ఏమీ దొరకలేదు. రోవర్‌లోంచే కారిందేమోనన్న అనుమానమూ ఉంది. ఈ ఒక్క వాయువుని పట్టుకుని జీవం ఉందనడం తొందరపాటే. మీథేన్, ఆక్సిజన్ రెండూ ఒకే గాలిలో కనిపిస్తే అది గట్టి సాక్ష్యం. ఆక్సిజన్ ఉన్న మన గాలిలో మీథేన్ సగటున సుమారు పదేళ్లే నిలుస్తుంది, ఎవరో ఒకరు ఎడతెగకుండా నింపుతుండాలి.

ప్రశ్న: విశ్వంలో మరోచోట జీవం ఉండే అవకాశం ఎంత శాతం? – డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: శాతం చెప్పేవాళ్లని నమ్మకండి. మన పాలపుంతలో మనతో మాట్లాడగల నాగరికతలు ఎన్నో అంచనా వేయడానికి 1961లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ రాసిన సూత్రంలో ఏడు అంశాలున్నాయి. నక్షత్రాలు, గ్రహాల లెక్క ఇప్పుడు బాగానే తెలుసు. ఇతర నక్షత్రాల చుట్టూ నిర్ధారించిన గ్రహాలు 2025లో ఆరు వేలు దాటాయి. అనువైన గ్రహం మీద జీవం మొదలయ్యే అవకాశం దగ్గరే లెక్క ఆగిపోతుంది, ఎందుకంటే మన చేతిలో ఉన్న ఉదాహరణ భూమి ఒక్కటే. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు, సుమారు 350 కోట్ల ఏళ్ల కిందటే ఇక్కడ సూక్ష్మజీవులున్నాయి. త్వరగానే మొదలైంది కదా, తేలికేనేమో అనిపిస్తుంది. కానీ త్వరగా మొదలుకాని చోట ఈ ప్రశ్న అడిగేవాళ్లే తయారై ఉండరు. కేంద్రకం ఉన్న కణాలు రావడానికి మరో వంద కోట్ల ఏళ్లకు పైగా పట్టింది. మా అంచనా: సూక్ష్మజీవులు చాలాచోట్ల ఉండొచ్చు, మాట్లాడేవాళ్లు బహు అరుదు.

ప్రశ్న: కె2-18బి గ్రహం మీద జీవం దొరికిందన్న వార్త నిజమా? – ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: దొరకలేదు. 124 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ గ్రహంలో డైమిథైల్ సల్ఫైడ్ జాడ ఉండొచ్చని 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్ బృందం ప్రకటించింది. మన సముద్రాల్లో దాన్ని సూక్ష్మ నాచుజీవులు పుట్టిస్తాయి. కొలత బలం మూడు సిగ్మాలే (ఫలితం కాకతాళీయం కాదని ఎంత నమ్మొచ్చో చెప్పే కొలమానం సిగ్మా), కనుగొన్నామనడానికి అయిదు కావాలి. అదే సమాచారాన్ని వేరేవాళ్లు లెక్కగడితే జాడ నిలబడలేదు. పైగా ఆ వాయువు 67పి తోకచుక్కలోనూ ఉందని తేలింది, తోకచుక్క మీద నాచు లేదు కదా.