పాచికల బేస్‌బాల్ లీగ్ పెట్టాలంటే ఏ సీజన్ కార్డులు తీసుకోవాలి?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: ఎనిమిది మంది స్నేహితులు, స్ట్రాట్-ఓ-మ్యాటిక్ కార్డులు (ఒక్కో అసలు ఆటగాడి ఒక సీజన్ గణాంకాలతో చేసిన కార్డు, పాచికలు వేసి అందులో ఫలితం చూస్తారు), పాత సీజన్ ఏదో ఒకటి. లీగ్ నడపాలి, ఆట రోజుల్లో బేస్‌బాల్ క్విజ్ కూడా పెట్టాలి. ఏ సీజన్ మంచిది?

సీజన్ సంగతి చివర్లో చెప్తాను, అదంత పెద్ద విషయం కాదు. డ్రాఫ్ట్‌కి, అంటే వంతులవారీగా ఆటగాళ్లని ఎంచుకోవడానికి, ముందే కాగితం మీద రాసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది, దాదాపు ప్రతి కొత్త లీగూ మర్చిపోయేది, ఒక్కో ఆటగాణ్ణి ఎంతవరకు వాడుకోవచ్చు అన్న లెక్క.

1957 తీసుకున్నారనుకోండి. ఆ ఏడు టెడ్ విలియమ్స్ .388 కొట్టాడు. ఇది బ్యాటింగ్ యావరేజ్: బంతి కొట్టి బేస్ చేరిన హిట్లని, అట్-బ్యాట్లు అనే బ్యాటింగ్ వంతులతో భాగిస్తే వచ్చేది. అందరూ అతని కోసమే ఎగబడతారు. ఆట తెలిసినవాడు మాత్రం చప్పుడు చేయకుండా మిల్వాకీ బ్రేవ్స్ ఆటగాడు బాబ్ హేజిల్‌ని తీసుకుంటాడు. అతని యావరేజ్ .403. జూలై ఆఖర్లో జట్టులోకి వచ్చి 134 అట్-బ్యాట్లు మాత్రమే ఆడాడు. 1954లో వచ్చిన హేజల్ తుఫాను పేరు కలిసొచ్చి ‘హరికేన్’ అని పిలిచారు. కార్డుకి ఈ 134 సంగతి తెలియదు. ఏడాదంతా దింపినా అది .403 కొట్టినవాడి కార్డుగానే పనిచేస్తుంది. బుక్ క్రికెట్ రోజుల్లో ఆరొచ్చే పేజీ దగ్గర పుస్తకం వెన్ను విరిచిపెట్టుకున్నవాడు ప్రతి క్లాసులోనూ ఉండేవాడు కదా, హేజిల్‌ని రోజూ మూడో నంబరులో దింపేది వాడే.

లెక్క ఇలా పెట్టుకోండి. ఎనిమిది జట్లు, ఒక్కో ప్రత్యర్థితో ఎనిమిదేసి ఆటలు, అంటే జట్టుకి 56, లీగ్ మొత్తానికి 224. 1957లో అసలు సీజన్ 154 ఆటలది. 56ని 154తో భాగిస్తే 0.364. హేజిల్ 134ని దాంతో గుణిస్తే దాదాపు 49. పైన పది శాతం సడలింపు ఇస్తే 53. అక్కడితో అతని సీజన్ అయిపోయినట్టే. అట్-బ్యాట్లకి బదులు ప్లేట్ అపియరెన్సులు (అట్-బ్యాట్లలోకి రాని వాకుల్లాంటివీ కలిపిన మొత్తం వంతులు) లెక్కిస్తే ఇంకా మంచిది, లేకపోతే వాకులు (నాలుగు చెడ్డ బంతులకి దక్కే ఉచిత మొదటి బేస్) ఎక్కువ తీసుకునేవాళ్లకి చాటుగా అదనపు ఆట దొరుకుతుంది. పిచర్లు (బంతి విసిరేవాళ్లు) వేసే ఇన్నింగ్స్‌కీ ఇదే గుణకారం. స్టార్టర్‌కి, అంటే ఆట మొదలుపెట్టే పిచర్‌కి, మధ్యలో కనీసం మూడు ఆటల విరామం పెట్టండి. ఈ పరిమితి ప్లేఆఫ్స్‌కీ వర్తిస్తుందని రాయండి. రాయకపోతే సీజనంతా హేజిల్‌ని దాచిపెట్టి ఫైనల్లో బయటికి తీస్తారు. దాటితే శిక్ష ఏమిటో కూడా ముందే తేల్చాలి, వచ్చే డ్రాఫ్ట్‌లో ఒక పిక్ పోవడం సరిపోతుంది. తప్పు జరిగాక శిక్ష గురించి చర్చ పెడితే స్నేహం పోతుంది.

ఇక రెండో గొడవ: ‘విలియమ్స్ నా దగ్గర .340 కొడుతున్నాడేంటి, కార్డు తప్పా?’ కార్డు తప్పు కాదు. మొదటి పాచిక ఒకటి నుంచి మూడు పడితే బ్యాటర్ కార్డు చూస్తాం, నాలుగు నుంచి ఆరు పడితే పిచర్ కార్డు. అంటే సగం ఫలితాలు అవతలివాడి చేతిలో ఉన్నాయి. పదహారు జట్ల నుంచి ఎనిమిది జట్లకి, తలా ఇరవై అయిదు మంది చొప్పున, 200 మందినే ఏరుకున్నారు. నాసిరకం పిచర్లంతా బయటే మిగిలారు. రోజూ మేటి పిచర్లనే ఎదుర్కొంటే యావరేజ్ తగ్గుతుంది, మేటి బ్యాటర్లనే ఎదుర్కొన్న పిచర్ ఇచ్చే పరుగులు పెరుగుతాయి. ఇది మొదటి వారంలోనే అందరికీ చెప్పేయండి. దానితో పాటు ఇదీ చెప్పండి: సరిగ్గా సగటు జట్టు 56 ఆటల్లో 24 నుంచి 32 మధ్య ఎన్నైనా గెలవొచ్చు, నాలుగింట ఒకసారి ఆ హద్దు కూడా దాటుతుంది. పాచికలు నకిలీవి అంటూ వాట్సాప్‌లో పోస్టుమార్టం చేసేవాళ్లకి ఈ అంకె చూపించండి. వింటారనుకోను.

పాచికలు గట్టి బల్ల మీద వేయొద్దు. అట్టపెట్టె మూతలో మందపాటి గుడ్డ పరిచి అందులోనే వేయండి. ఏదైనా ఏటవాలుగా ఆగితే మూడు పాచికలూ మళ్లీ వేయాలి, ఒక్కటే మళ్లీ వేస్తే తగవు మొదలవుతుంది.

ప్రతి ఆటకీ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవడం కుదరదు. సొంత మైదానం ఆటలు 28 మీరే ఆడించి, అవతలివారి ఆదేశాల కాగితం ప్రకారం వాళ్ల జట్టుని నడపండి: లైనప్, ఎడమచేతి పిచర్ వస్తే మార్పులు, స్టార్టర్‌ని ఎప్పుడు తీయాలి, ఎవరు బేస్ దొంగిలించొచ్చు. ఆటకి ముప్పై అయిదు నిమిషాలు అనుకుంటే 28కి పదహారు గంటలు. వారానికి రెండు చొప్పున పద్నాలుగు వారాలు. ఇంతకంటే పొడుగు పెట్టకండి.

స్కోరుషీట్ ఆ రాత్రే సరిచూడాలి. అట్-బ్యాట్లు, వాకులు, బంతి తగిలినవి, శాక్రిఫైస్‌లు (తాను అవుటై తోటివాణ్ణి ముందుకు పంపినవి) అన్నీ కూడండి. ఆ జట్టు పరుగులు, బేస్‌ల మీద మిగిలిపోయినవాళ్లు, ప్రత్యర్థి తీసిన అవుట్లు ఇంకోపక్క కూడండి. రెండు మొత్తాలూ కలవాలి. కలవలేదంటే ఎక్కడో ఒక బ్యాటర్ ఎగిరిపోయాడు, లేదా షీట్‌లో రెండుసార్లు ఎక్కాడు.

రెండుసార్లు ఎక్కడం చిన్న సంగతి అనుకోకండి, మీ క్విజ్‌కి పనికొచ్చే కథ దాంట్లోనే ఉంది. 1910లో మేజర్ లీగ్ బ్యాటింగ్ విజేతకి చామర్స్ కంపెనీ కారు బహుమతి. డెట్రాయిట్ ఆటగాడు టై కాబ్ ముందున్నాడు, చివరి రెండు ఆటలకీ దిగకుండా కూర్చున్నాడు. అక్టోబర్ 9న సెయింట్ లూయిస్‌లో క్లీవ్‌లాండ్ ఆటగాడు నాప్ లాజొయ్‌కి ఒకేరోజు రెండు ఆటలు. కాబ్ అంటే గిట్టని, సెయింట్ లూయిస్ జట్టు బ్రౌన్స్ మేనేజర్ జాక్ ఓకానర్, మూడో బేస్ కుర్రాడు రెడ్ కారిడెన్‌ని బాగా వెనక్కి నిలబెట్టాడు. లాజొయ్ వరసగా బంట్లు పెట్టి, అంటే బ్యాట్‌తో బంతిని మెల్లగా తాకించి, పరిగెత్తాడు. రెండాటల్లో ఎనిమిది హిట్లు. ఓకానర్ ఉద్యోగం పోయింది. లీగ్ అధ్యక్షుడు బాన్ జాన్సన్ కాబ్‌నే విజేత అన్నాడు, కంపెనీ మాత్రం ఇద్దరికీ కార్లిచ్చింది. దశాబ్దాల తర్వాత గణాంక పరిశోధకుడు పీట్ పామర్ పద్దులు తిరగేస్తే కాబ్ ఆడిన ఒక ఆట రెండుసార్లు ఎక్కి ఉంది. అది తీసేస్తే లాజొయ్‌దే పైచేయి. 1981లో ఈ విషయం బయటికొచ్చినా కమిషనర్ బౌవీ కూన్ ఫలితం మార్చలేదు.

అందుకే కాబ్ మొత్తం హిట్లు ఒకచోట 4,191, ఇంకోచోట 4,189. పీట్ రోజ్ 1985 సెప్టెంబర్ 11న సిన్సినాటీలో 4,192వ హిట్‌తో రికార్డు కొట్టాడని ఊరంతా సంబరం చేసుకుంది. రెండో అంకె సరైనదైతే ఆ రికార్డు మూడు రోజుల ముందే, సెప్టెంబర్ 8న షికాగోలో, అతని 4,190వ హిట్‌తో బద్దలైంది. హ్యాక్ విల్సన్ 1930 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో రప్పించిన పరుగులు) కూడా 1999 దాకా 190, తర్వాత 191. జీవితకాల యావరేజ్‌లో కాబ్ పేరు చెప్పి మార్కు కొట్టేద్దామనుకునేవాళ్లకి 2024 నుంచి అదీ లేదు. నల్లజాతి ఆటగాళ్లకి వేరుగా నడిచిన నీగ్రో లీగ్స్ గణాంకాలు కలిపాక .372తో జాష్ గిబ్సన్ ముందుకొచ్చాడు. కాబట్టి క్విజ్ ప్రశ్న కిందే ఏ పద్దు ప్రకారం, ఏ ఏడాది వరకు అని రాయండి.

ఇక సీజన్. 1968 వద్దు, ఆ ఏడు అమెరికన్ లీగ్‌లో మొదటివాడు యస్ట్రెమ్‌స్కీ యావరేజ్ .301 మాత్రమే, కొత్తవాళ్లకి పరుగుల్లేని ఆటలు నీరసం. 1930 వద్దు, నేషనల్ లీగ్ మొత్తం కలిపి .303 కొట్టిన ఏడు, స్కోరు రాసి రాసి చెయ్యి నొప్పెడుతుంది. 1957 తీసుకోండి. డ్రాఫ్ట్‌లో పది రౌండ్లు దాటకముందే ఒక మంచి షార్ట్‌స్టాప్‌ని (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్), ఒక క్యాచర్‌ని (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) పట్టుకోండి, ఆ తర్వాత మిగిలేవి చూస్తే మీకే తెలుస్తుంది.