జ్వరం లేదు కదా అని ఆగొద్దు

ప్రశ్న: మా అమ్మాయి కాన్పుకు పుట్టింటికొచ్చింది. తొమ్మిదో రోజున బిడ్డ పాలు మానేసి మగతగా పడుకుంది. జ్వరం లేదు, ఒళ్లు మాత్రం చల్లబడింది. గుంటూరులో చూపిస్తే రక్తంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. కల్చర్ రిపోర్టు రాకుండానే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. వెన్నులో నీరు తీస్తామంటున్నారు. కాళ్లు పడిపోతాయేమోనని భయంగా ఉంది.
– ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దామమ్మా. వెన్నుపాము అయిపోయిన చోటికి కిందుగా, నడుము దగ్గర సన్నటి సూది గుచ్చి కొన్ని చుక్కలే తీస్తారు. దానివల్ల కాళ్లు పడిపోవు. ఇన్‌ఫెక్షన్ మెదడు పొరలకు పాకిందో లేదో తేలేది ఆ చుక్కల్లోనే. పాకితే మందు మోతాదు పెరుగుతుంది, సాధారణంగా 10–14 రోజులతో అయ్యే వైద్యం 21 రోజులు పడుతుంది. దయచేసి వద్దనకండి.

కల్చర్‌లో రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి గుర్తిస్తారు. దాని రిపోర్టుకు సాధారణంగా 48 గంటలు పడుతుంది. అన్నాళ్లు పసికందు తట్టుకోలేదు. అందుకే కల్చర్‌కు సుమారు 1 మి.లీ. రక్తం తీసి, వెంటనే మందు మొదలుపెడతారు. చాలాచోట్ల ఆంపిసిలిన్, జెంటామైసిన్ కలిపి ఇస్తారు. మన ఆస్పత్రుల్లో కనిపించే క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ క్రిములు వీటికి తరచూ లొంగవు. రిపోర్టు వచ్చాక మందు మార్చారంటే వైద్యం తప్పిందని కాదు.

ఇక చల్లబడటం. పసిబిడ్డకు పెద్దవాళ్లలా వణుకు రాదు, ఒంట్లో వేడి పుట్టించుకునే శక్తి తక్కువ. ఇన్‌ఫెక్షన్ ముదిరితే ఆ కాస్తా పోతుంది. చంకలో థర్మామీటర్ 35.5 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గినా, 37.5 దాటినా ప్రమాదమే. ఇంట్లో పసిబిడ్డ ఉన్నవారెవరైనా, బిడ్డ నిద్రలో ఉండగా నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. 60 గానీ అంతకు మించి గానీ ఉంటే ఇంకోసారి లెక్కించండి. మళ్లీ అంతే ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, పాలు పట్టకపోయినా 108కి ఫోన్ చేయండి. దిష్టి తీయడం, వస అరగదీసి నాకించడం, ఆముదం పట్టడం వీటితో గంటలు గడిచిపోతాయి. మగతగా ఉన్న బిడ్డ నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దారిలో బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, టోపీ పెట్టి, ముక్కు మూసుకోకుండా పైన దుప్పటి కప్పండి. వేడినీళ్ల సీసా పెడితే చర్మం కాలుతుంది.

గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల్లో నవజాత శిశువులకు ప్రత్యేక విభాగాలున్నాయి. ఏడాది లోపు బిడ్డకు అక్కడ వైద్యం, మందులు ఉచితం.

ప్రశ్న: బొడ్డుకు పసుపు, కొబ్బరినూనె రాయొచ్చా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: ఏదీ రాయొద్దు. పొడిగా ఉంచండి, డైపర్‌ను బొడ్డు కిందికి మడవండి. చీము పట్టినా, ఎరుపు చుట్టూ చర్మానికి పాకినా ఆ రోజే చూపించండి.