సీలు వేసిన డబ్బాలోని రూపాయి అసలుదేనా?

ప్రశ్న: మాది కావలి. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. గత దసరాకు సోషల్ మీడియాలో పరిచయమైన ఒక వ్యాపారి వద్ద, పీసీజీఎస్ (నాణేలను పరీక్షించి, వాటి స్థితికి గ్రేడు ఇచ్చే అమెరికన్ కంపెనీ) హోల్డర్లలో, అంటే ప్లాస్టిక్ డబ్బాల్లో, సీలు చేసిన బ్రిటిష్ ఇండియా వెండి రూపాయలు ఆరు, 1,40,000 రూపాయలకు కొన్నాను. అందులో 1939 నాటి ఒక్క నాణేనికే 90,000 అయింది. మిగిలినవి విక్టోరియా కాలంనాటివి. హోల్డర్లపై నంబర్లు కంపెనీ వెబ్‌సైట్‌లో సరిపోయాయి. గ్రాట్యుటీలోంచి మరో 4 లక్షలు పెడితే, మూడేళ్లలో రెట్టింపు ధరకు తానే తిరిగి కొంటానని ఆయన అంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: ఆ 4 లక్షలు పంపవద్దు. ఇప్పటికే కొన్న ఆరింటి సంగతి తేలేవరకు ఆ వ్యాపారితో కొత్త లావాదేవీ ఏదీ పెట్టుకోవద్దు.

నంబరు సరిపోయినంత మాత్రాన నాణెం అసలుదని నమ్మడానికి వీల్లేదు. నకిలీ హోల్డర్లు తయారుచేసేవారు నంబర్లను ఊహించి వేయరు; ఎక్కడో ఒక అసలు నాణేనికి ఇచ్చిన నంబరునే తమ లేబుల్‌పై అచ్చు వేస్తారు కనుక, వెబ్‌సైట్ ఆ అసలు నాణెం వివరాలే చూపిస్తుంది. అందువల్ల నంబరుతోపాటు అక్కడ ఫొటో ఉన్నదేమో చూసి, అందులోని మచ్చలు, గీతలు, రంగు మారిన చోట్లు మీ నాణెంతో ఒక్కొక్కటిగా సరిపోల్చుకోవాలి. హోల్డర్ రెండు భాగాలు కలిసే అతుకు వెంట జిగురు మరకలు గానీ, తెరిచి మూసిన గాట్లు గానీ ఉన్నాయేమో కూడా భూతద్దంతో చూడండి. అసలు హోల్డర్‌ను తెరిచి లోపలి నాణేన్ని మార్చేవారు కూడా ఉన్నారు. గ్రేడింగ్ కంపెనీ ఇచ్చే హామీ తాను సీలు చేసిన దానికే వర్తిస్తుంది గానీ, ఇతరులు తన పేరు వేసుకున్న ప్లాస్టిక్‌కు వర్తించదు.

మీ 1939 రూపాయి విషయంలో నాకు ఎక్కువ అనుమానం ఉంది. ఆ సంవత్సరపు ఆరో జార్జి రూపాయి అరుదైనది, కనుకనే మోసగాళ్ల కన్ను దానిపై పడుతుంది. 1939 వరకు రూపాయిలో వెండి 91.7 శాతం ఉండేది, అంచుపై మామూలు నిలువు గాట్లు ఉండేవి. 1940 నుంచి వెండిని 50 శాతానికి తగ్గించి, అంచు మధ్యలో గాడి ఉండే సెక్యూరిటీ అంచు పెట్టారు. హోల్డర్‌లో నాణేన్ని పట్టి ఉంచే పళ్ల సందుల్లోంచి అంచు కనిపిస్తే, టార్చి లైటు వేసి చూడండి. ఆ గాడి కనిపిస్తే, అది తర్వాతి సంవత్సరాల నాణెంపై అంకె దిద్దినదని అనుకోవాలి. గాడి లేకపోయినా అసలుదని తీర్మానించలేము, ఎందుకంటే 1938 నాణెంపైనా అంకె దిద్దవచ్చు.

ఆర్థిక సలహాదారుగా నేను వేసే లెక్క వేరు. రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో స్వచ్ఛమైన వెండి సుమారు 10.7 గ్రాములు. ఆరింటిలో కలిపి 64 గ్రాములు. దీన్ని ఈరోజు వెండి ధరతో గుణించి, మీరు చెల్లించిన 1,40,000 పక్కన పెట్టి చూడండి. ఆ తేడా అంతా అరుదుదనానికీ లేబుల్‌పై ఉన్న గ్రేడుకూ ఇచ్చిన ధర. లేబుల్ నకిలీదైతే అందులో చాలా భాగం పోయినట్టే. నెల్లూరు ఆచారి వీధిలో ఏ దుకాణానికి తీసుకెళ్లినా వెండికి లెక్క కడతారే గాని గ్రేడుకు కట్టరు. (పద్దెనిమిదో శతాబ్దం చివర నెల్లూరు సమీపంలో పొలం దున్నుతుండగా ఒక కుండలో ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తుల కాలపు రోమన్ బంగారు నాణేలు బయటపడితే, వాటిలోనూ చాలా భాగం బంగారం ధరకే అమ్మి కరిగించేశారు.)

మూడేళ్లలో రెట్టింపు అంటే ఏడాదికి సుమారు 26 శాతం. ఆ మాట ఇచ్చినది ఒక వ్యక్తి. అతను ఫోన్ ఎత్తకపోతే మీ చేతిలో మిగిలేది నాణేలే. ఆ 4 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేయండి; గరిష్ఠ పరిమితి 30 లక్షలు, వడ్డీ మూడు నెలలకోసారి చేతికి వస్తుంది. సేకరణపై ప్రేమ ఉంటే, ఆ వడ్డీలో కొంత భాగంతో కొనుక్కోండి, అభ్యంతరం లేదు.

హోల్డర్లను మాత్రం పగలగొట్టవద్దు. బరువు తూచాలనో, లోహం స్వచ్ఛత చూసే కారట్ యంత్రంలో పెట్టించాలనో తొందరపడితే, అసలువైతే హామీ పోతుంది, నకిలీవైతే సాక్ష్యం పోతుంది. విక్టోరియా నాణేలను మళ్లీ గ్రేడింగ్‌కని విదేశాలకు కొరియర్‌లో పంపవద్దు. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువు, దాని ఎగుమతి నేరం. ఆరింటినీ రెండు వైపులా, అంచుతో సహా ఫొటోలు తీసి, నంబర్లతోపాటు గ్రేడింగ్ కంపెనీకి ఈమెయిల్ చేసి అడగండి.

నకిలీవని తేలితే, డబ్బు తిరిగి ఇవ్వమని వ్యాపారికి రాతపూర్వకంగా నోటీసు పంపండి. చాటింగ్‌లు, చెల్లింపు రసీదులు చెరిపేయకండి. స్పందన లేకపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. అక్కడ గడువు రెండేళ్లు, మీరు కొన్నది గత దసరాకు కనుక సమయం ఉంది.