గైడు ఇచ్చిన ఫ్యూయల్ సెల్ టాపిక్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఎస్సీ కెమిస్ట్రీ చేసి సీఎస్‌ఐఆర్ జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంది. పీహెచ్‌డీకి ‘సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్స్‌లో ఇన్‌ఫిల్ట్రేషన్ కాథోడ్ల పనితీరు’ టాపిక్ ఇస్తామంటున్నారు. బ్యాటరీల మీద చేస్తేనే ఉద్యోగమని బంధువుల మాట. టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: పేరు చూసి కంగారు పడకండి. సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్ అంటే ఇంధనాన్ని మండించకుండా, బాగా వేడి దగ్గర నేరుగా కరెంటు తీసే పింగాణీ పరికరం. అందులో గాలిలోని ఆక్సిజన్‌ను అందుకునే వైపు కాథోడ్. దాన్ని ఇన్‌ఫిల్ట్రేషన్‌తో తయారుచేయడం మీ ఊరి కాజా లాంటిదే. కాజా పాకం పీల్చుకున్నట్టు, సన్నటి రంధ్రాలున్న జిర్కోనియా పింగాణీకి లోహ నైట్రేట్ల ద్రావణం పట్టిస్తారు. ఆరబెట్టి కాలిస్తే లోపలి గోడలకు కాథోడ్ పదార్థం నానో కణాలుగా అంటుకుంటుంది. ఒక్కసారికి చాలదు, మళ్లీ మళ్లీ పట్టించాలి. ఓపిక లేనివాళ్లకు విసుగొచ్చేది ఇక్కడే.

ఇంత శ్రమ దేనికంటే, లాంథనం స్ట్రాన్షియం కోబాల్టైట్ లాంటి చురుకైన కాథోడ్ పదార్థాన్ని జిర్కోనియాతో కలిపి 1000 డిగ్రీలు దాటించి కాలిస్తే రెండూ రియాక్టవుతాయి, కరెంటుకు అడ్డుపడే జిర్కోనేట్లు ఏర్పడతాయి. పైగా కోబాల్టైట్ వేడికి జిర్కోనియా కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, పొర ఊడిపోవచ్చు. ఇన్‌ఫిల్ట్రేషన్‌లో 800 డిగ్రీల దగ్గర కాల్చినా పని జరుగుతుంది.

చిక్కల్లా తర్వాతే. 700 డిగ్రీల దగ్గర రోజుల తరబడి నడిపితే ఆ కణాలు ఒకదాన్నొకటి కలుపుకుని లావెక్కుతాయి, పనితీరు తగ్గుతుంది. మొదటిరోజు అంకెలతో పేపరు వేయడం తేలిక. వెయ్యి గంటల తర్వాత ఎంత మిగిలిందో చూపించే అభ్యర్థినే కంపెనీలు వెతుక్కుంటాయని నా అభిప్రాయం. అందుకే చేరేముందు అడగమనండి: ఇంపిడెన్స్ (సెల్‌లో కరెంటుకు ఎదురయ్యే అడ్డంకి) కొలిచే పరికరం ల్యాబ్‌లోనే ఉందా? ఫర్నేస్‌ను వారాల తరబడి ఆపకుండా నడపనిస్తారా? కరెంటు పోతే బ్యాకప్ ఉందా? చివరిది విని నవ్వొచ్చు. 900వ గంటలో కరెంటు పోతే ఎవరూ నవ్వరు.

ఉద్యోగాల సంగతి దాచను. మన దేశంలో ఈ ఒక్క రంగాన్నే నమ్ముకుంటే అవకాశాలు తక్కువ. కోల్‌కతా సీజీసీఆర్‌ఐ, హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌టీడీసీ పరిశోధన సంస్థల్లాంటి కొద్ది చోట్లే ఈ పని జరుగుతోంది. బయట జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రం, డెన్మార్క్‌లోని డీటీయూ విశ్వవిద్యాలయం, కాలిఫోర్నియాలో బ్లూమ్ ఎనర్జీ కంపెనీ ఉన్నాయి. అయితే ఇంపిడెన్స్, ఎక్స్‌రే డిఫ్రాక్షన్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ లాంటి పరీక్షా పద్ధతులు చేతికొస్తే బ్యాటరీ కంపెనీకీ పనికొస్తాయి. బంధువుల మాటకు సగం జవాబు అదే. జేఆర్‌ఎఫ్ కింద నెలకు 37,000 ఎలాగూ వస్తుంది కాబట్టి ఇంటి మీద భారం పడదు.

ఈ వారమే ల్యాబ్‌కు వెళ్లి, నాలుగో ఏడాది చదివే సీనియర్‌తో ఒక గంట మాట్లాడమనండి. గైడు గారు పక్కన లేనప్పుడు.