యువ రచయితకు లేఖ: 'ణాన్న' గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందిన రోజే చదివాను. మొదటి వాక్యంలోనే "ణాన్న ఊరి నుంచి వచ్చాడు" అని కనబడేసరికి అశ్రద్ధ అనుకుని నొచ్చుకున్నాను. రెండో పేజీకి వచ్చాక అసలు సంగతి అర్థమైంది: వాక్యం మధ్యలో వచ్చిన ప్రతి 'నాన్న' సరిగానే ఉంది, వాక్యం మొదట వచ్చినవే చెడ్డాయి.

నువ్వు ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలతో వర్డ్‌లో టైపు చేసి, ఆ తర్వాత తెలుగులోకి మార్చుకుంటున్నావన్నమాట. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో వాడుకలోకి వచ్చిన ఆ పద్ధతిలో చిన్న ఎన్ 'న', పెద్ద ఎన్ 'ణ'. చిన్న టి 'త', పెద్ద టి 'ట'. ఇంగ్లీషులో పెద్దక్షరం వేసినంత మాత్రాన మాట మారదు. మనకు అక్షరమే మారిపోతుంది.

చుక్క పడగానే తర్వాతి మాట మొదటి అక్షరాన్ని పెద్దది చేసే ఏర్పాటు వర్డ్‌లో మనం అడగకుండానే ఉంటుంది. ఆ చుక్క వాక్యం చివరిదో, ఇంటిపేరు పక్కదో దానికి తెలియదు కనుక "సి. నారాయణరెడ్డి" కాస్తా "సి. ణారాయణరెడ్డి" అవుతారు, "క్రీ.శ. తొమ్మిదో శతాబ్దం" "టొమ్మిదో శతాబ్దం" అవుతుంది. మాట మొదట రెండు పెద్దక్షరాలు వరసగా పడితే రెండోదాన్ని చిన్నది చేసే ఏర్పాటు ఇంకొకటి ఉంది. నాకు దాని భయమే ఎక్కువ, ఎందుకంటే అది వాక్యంలో ఎక్కడైనా పనిచేస్తుంది, పైగా దీర్ఘం కోసం వేసిన పెద్దక్షరం చిన్నదై 'టేకు' 'టెకు'గా, 'డోలు' 'డొలు'గా మారితే కంటికి ఒక పట్టాన ఆనదు. నా తొలి వ్యాససంపుటిలో అటువంటి 'డొలు' ఒకటి అచ్చయిపోయింది. తరతరాలుగా డోలు వాయించే కుటుంబం గురించి రాసిన వ్యాసమది. ఆ ఇంటి పెద్దాయన పుస్తకం తెరిచి, ఆ మాట మీద వేలు పెట్టి, చాలాసేపు ఏమీ అనలేదు.

వర్డ్‌లో ఫైల్ మెనూకు వెళ్లి ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్ తెరిస్తే ఈ రెండింటికీ టిక్కులు కనబడతాయి, ఇవాళే తీసెయ్యి. వేరేవాళ్ల కంప్యూటర్‌లో రాయవలసి వస్తే, అక్షరం మారిన వెంటనే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే ఆ మార్పు ఒక్కటే వెనక్కి పోతుంది. చెడినవాటిని ఫైండ్ అండ్ రీప్లేస్‌తో దిద్దేటప్పుడు మ్యాచ్ కేస్ పెట్టడం మరిచిపోకు, లేకపోతే వర్డ్ చిన్న ఎన్‌కూ పెద్ద ఎన్‌కూ తేడా చూడదు. తీరిక చేసుకుని ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతి నేర్చుకుంటే ఇంకా మేలు: అక్కడ నేరుగా తెలుగు అక్షరమే పడుతుంది, మన లిపిలో చిన్నా పెద్దా లేవు కనుక వర్డ్ దాని జోలికి రాదు.

కథలో తండ్రి అరుగు మీద కూర్చుని చెప్పులు విడిచే చోటు చాలా బాగుంది, దాన్ని ముట్టుకోవద్దు. తప్పులున్న చోట్ల ఎర్రసిరాతో సున్నాలు చుట్టి ప్రతిని దీనితో పంపుతున్నాను. దిద్ది, తెలుగు లిపిలోకి మార్చాక కాగితం మీద ఒకసారి చదువుకుని, మళ్లీ నాకు పంపు.

నీ శ్రేయోభిలాషి